గంగాధరం మామ, రెండు రైఫిళ్ళు

మా తమ్ముడి మనవరాలు హేమ కేంద్ర బలగాల్లో పనిచేస్తుంది. పోయిన నెల సెలవు మీద చిత్తూరు వచ్చినప్పుడు ఒక పూట మా ఇంట్లో ఉంది. ఇడ్లీ తింటూ, తమ దళానికి కొత్త రైఫిళ్ళు ఇచ్చారని చెప్పింది. ఇంతకాలం వాడినదాని గుండు సన్నం, తూటా తేలిక, నడుముకు ఎన్ని కట్టుకున్నా బరువనిపించేది కాదట. ఇప్పుడొచ్చినదాని తూటా పొట్టి, లావు, బరువు. "పాతది నా చేతికి బాగా అలవాటైపోయింది తాతా. ఇది భుజాన్ని గుద్దతా ఉండాది. జీవితమంతా తుపాకులు విప్పి బిగించినోడివి, నువ్వు చెప్పు, ఏది మంచిది?" అని అడిగింది. జవాబు చెప్పకుండా నేను ఇంకో ప్రశ్న వేశాను. కొత్తదాని పిస్టన్‌కు నూనె పెట్టమన్నారా, వద్దన్నారా అని. "వద్దన్నారు. పొడిగా తుడిసి పెట్టమన్నారు. మొదటిరోజే మూడుసార్లు చెప్పినారు" అంది. నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వానో చెప్పడం మొదలుపెట్టేలోపే ఆమె బస్సు టైమయింది. చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ డైరీ రాస్తున్నాను. అన్నీ అలమారలో వరుసగా ఉన్నాయి. నాకు నవ్వు తెప్పించిన ఆ సంగతి జరిగిన ఏటిది తీసి చూశాను. వాన పడిందా లేదా, ఎన్ని రైఫిళ్ళు శుభ్రం చేశాను, ఏం తిన్నాను, ఇవే ఉన్నాయి. ఎవరికి కోపమొచ్చింది, ఎవరు బాధపడ్డారు అనేవి లేవు. అవి రాయడం అప్పట్లో నాకు చేతకాలేదు. ఇప్పుడు గుర్తున్నంతలో కలుపుతున్నాను.

నేను సాయుధ పోలీసు దళంలో కానిస్టేబులుగా చేరిన కొత్తలో మా అమ్మకు అన్నయ్య అయిన గంగాధరం మామ ఇంట్లోనే ఉండేవాణ్ణి. మామ అదే దళంలో హెడ్ కానిస్టేబులు, తుపాకి కాల్చడం నేర్పే మాస్టరు. జిల్లాలో తుపాకి పట్టిన పోలీసుల్లో సగంమంది ఆయన కింద పొట్టమీద పడుకుని నేర్చుకున్నవాళ్ళే. క్వార్టర్లలో చివరి ఇల్లు వాళ్ళది. రెండు గదులు, ముందు అరుగు, వెనక తడికె కట్టిన వంటిల్లు. మామిడికాయల కాలంలో రోడ్డున పోయే లారీల వాసన ఇంట్లోకి వచ్చేది గానీ, మామ ఉంటే ఆ వాసన కూడా ఓడిపోయేది. ఆయన ఒంటిమీద, చొక్కామీద, కూర్చున్న చాపమీద ఒకటే వాసన, అవిసె నూనెది. త్రీ నాట్ త్రీ రైఫిలు కొయ్యకు ఆ నూనె పట్టించి అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్దేవాడు. పిల్లలు లేరు. రాజమ్మ అత్తకు ఆయాసం. చలికాలం వస్తే గోడకు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది. పెద్దాసుపత్రి నడిచిపోయేంత దూరంలో ఉండడమే ఆ ఇంటికి ఉన్న పెద్ద సుఖం.

తెల్లవారకముందే మామ లేచి, తులసాకు, మిరియాలు వేసి అత్తకు కషాయం కాచేవాడు. అది ఆమె చేతికిచ్చాక ముక్కు పొడుగ్గా ఉన్న చిన్న నూనె డబ్బా పట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. గేటు బందులకు రెండు చుక్కలు. సైకిలు గొలుసుకు, బావి గిలకకు, కత్తెరకు, గడియారం మూతకు. చివరికి మిగిలింది తన తలకు. "ఈయప్పని వదిలితే నా మోకాళ్ళకి గూడా పోస్తాడు" అనేది అత్త. "పోస్తే కిర్రుమనకుండా నడుస్తావు" అనేవాడు ఆయన. నూనె ఎక్కువై చెడిన ఇనుమును తాను చూడలేదని, నూనె తక్కువై చెడిన ఇనుమును చూపించమంటే పొద్దుగూకేదాకా చూపిస్తానని మాకు పాఠంలో చెప్పేవాడు. ఇంట్లో భోజనం దగ్గర కూడా అదే చెప్పేవాడు. నేను ఆయుధాగారంలో పని నేర్చుకుంటున్నవాణ్ణి కాబట్టి రెండుచోట్లా వినేవాణ్ణి.

ఫైరింగ్ ఉన్న రోజు మామ పద్ధతి ఇంకొకటి ఉండేది. కాల్చిన ప్రతి త్రీ నాట్ త్రీ గొట్టంలోకీ గరాటు పెట్టి సలసల కాగే నీళ్ళు పోయాలి. తూటా మందు వదిలే ఉప్పు ఆ నీళ్ళకే కరుగుతుంది, లేకపోతే వారానికే లోపల తుప్పు. నీళ్ళు పోశాక గుడ్డ లాగి, ఆపైన నూనె. అందుకు కావలసిన పెద్ద రాగి అండా మా ఇంటిదే. సైకిలు మీద కట్టుకుని కొండ కింద ఉన్న ఫైరింగ్ రేంజికి నేనే తీసుకుపోయేవాణ్ణి. తిరిగొచ్చాక అత్త దాన్ని చింతపండు పెట్టి తోముతూ, "మా పుట్టింటోళ్ళు నా స్నానానికిచ్చినారు. దీంట్లో నాకంటే మీ తుపాకులే ఎక్కువ సార్లు పోసుకున్నాయి" అనేది.

ఆ రోజుల్లోనే కొత్త రైఫిళ్ళు వచ్చాయి. సైన్యం చాలా ఏళ్ళుగా వాడుతున్న ఎస్సెల్లార్. మా దాకా రావడానికి అంతకాలం పట్టింది. పాతదాంట్లో ఒక్కో గుండు పేల్చాక కుడిచేత్తో బోల్టు పిడి పైకెత్తి, వెనక్కిలాగి, ముందుకు తోసి, కిందికి దించాలి. అప్పుడే తర్వాతి తూటా ఎక్కుతుంది. కొత్తదాంట్లో ఆ పని చేసేది పేలిన మందు వాయువే. అది పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది, ఖాళీ తూటా తొడుగు బయటపడుతుంది, కొత్త తూటా తానే ఎక్కుతుంది. మనిషి ట్రిగ్గరు నొక్కడమే. పాతదాని తూటాకు అడుగున అంచు ఉంటుంది. నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు పడకపోతే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు. కొత్త తూటాకు ఆ అంచు లేదు, ఎలా నింపినా జారుతుంది. పాతదాంట్లో పది పడతాయి, కొత్తదాంట్లో ఇరవై.

మా దళం అధికారి రిజర్వ్ ఇన్‌స్పెక్టరు, ఆర్.ఐ. గారు, తొందరపడే మనిషి కాదు. మూడు కొత్తవి, మూడు పాతవి పక్కపక్కన పెట్టి కాల్పించి, ఏది ఎన్నిసార్లు ఆగింది, ఎన్ని తగిలాయి, ఎంతసేపు పట్టింది, అన్నీ ఒక రిజిస్టర్లో రాయమన్నారు. దస్తూరి బాగుంటుందని ఆ పని నాకిచ్చారు. కొత్తది బాగాలేదని తేలితే ఇంకొన్నాళ్ళు పాతవే ఉంటాయి. బాగుందని తేలితే మాస్టర్లందరూ కొత్తదాంతో పరీక్ష పాసవ్వాలి. పాసవ్వనివాళ్ళను పలమనేరు వైపు గార్డు డ్యూటీకి పంపుతారు. ఈ మాట ఆయన అందరి ముందూ చెప్పారు. పలమనేరు చలి మా వైపు అందరికీ తెలుసు. ఆ సాయంత్రం అత్తకు కూడా ఆ మాట తెలిసింది. సంగటి ముద్దలు చేసి, ఊరుబిండి పచ్చడి వేసి, మామ ముందు పెట్టి, "ఆడ ఆసుపత్రి ఉండాదా?" అని మాత్రం అడిగింది. "పోతే గదా" అన్నాడు మామ.

మొదట తూకం వేశాం. రేషను స్టోరు కాటా మీద ఒక పక్క పాతది, ఒక పక్క కొత్తది. కొత్తదే కిందికి దిగింది. మామ ముఖం వెలిగింది. తూటాలు పదికి పది పెడితే ముల్లు మధ్యలో నిలబడింది. "సూడు మునిరత్నం, బరువు తగ్గలే, తూటా తగ్గలే. తగ్గింది మనిషికి పనే" అన్నాడు నాతో. "పది ఇస్తే పదికీ గురి సూస్తాడు. ఇరవై ఇచ్చి వేలు నొక్కమంటే గాల్లో పోగొడతాడు. బోల్టు లాగే ఆ రెండు క్షణాలు ఉండాయే, అవి మనిషి ఆలోచించుకునేదానికి." నాతోపాటు చేరిన ఖాదర్ పక్కనే ఉన్నాడు. "ఆ రెండు క్షణాల్లో ఎదుటోడు గూడా ఆలోచిస్తాడేమో అన్నా" అన్నాడు. మామ అతనివైపు చూడలేదు కానీ, ఆ మాట మాత్రం విన్నాడు.

పరీక్షకు ముందురోజు ఆరు రైఫిళ్ళనూ నేనే సిద్ధం చేశాను. ఏ లోటూ ఉండకూడదనుకున్నాను. కొత్తవాటి పిస్టన్లు, అది కదిలే గొట్టం, చివరి బిరడా అన్నీ విప్పి, చిక్కటి నూనె వేలితో పూసి బిగించాను. నూనె కారేంత పూశాను. మామ చూసి, చొక్కా గుడ్డతో బయటిది తుడిచి, "పనోడివి" అన్నాడు. ఆ మాట నా డైరీలో ఉంది. డైరీలో నన్ను ఎవరైనా మెచ్చుకున్నట్టు రాసుకున్నది ఆ ఏట అదొక్కటే.

మర్నాడు పాతవి ఎప్పటిలాగే పనిచేశాయి. కొత్తవి మొదటి నలభై గుండ్లు అందరి నోళ్ళూ మూయించాయి. ఒక మనిషి బోల్టు లాగి మూడోది పేల్చేలోపు పక్కవాడు ఎనిమిది పేల్చాడు. తర్వాత ముందుకొయ్య సందుల్లోంచి తెల్లటి పొగ రావడం మొదలైంది. "అన్నా, ఇది గుండ్లు కాలస్తా ఉండాదా, వడలు కాలస్తా ఉండాదా?" అన్నాడు ఖాదర్. మూడో మ్యాగజైనులో ఒక రైఫిలు ఆగింది. ఖాళీ తొడుగు సగం బయటికొచ్చి ఇరుక్కుంది. తీసి మళ్ళీ పేలిస్తే రెండు గుండ్లకు మళ్ళీ ఆగింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. మామ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆర్.ఐ. గారు రిజిస్టరు చూసి, "కారణం గడి ఖాళీగా ఉందే?" అన్నారు. విప్పి చూసి రేపు పొద్దున రాస్తానన్నాను.

మధ్యాహ్నం మూడూ విప్పాను. పిస్టన్లకు నూనె మాడి, మసితో కలిసి, అడుగంటిన పాకంలా నల్లగా పట్టుకుని ఉంది. వేలితో నెడితే కదలాల్సిన పిస్టన్ సుత్తి కొయ్యతో తడితే గానీ కదల్లేదు. రైఫిళ్ళతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం పెట్టెలోనే ఉంది. మాకు దాన్ని ఎవరూ చదివి చెప్పలేదు. చదవాలని నాకూ తోచలేదు, మామ ఉన్నాడు కదా అనుకున్నాను. పేజీ పేజీ తిప్పితే దొరికింది. వాయువు తగిలే భాగాలు పొడిగా ఉండాలి, నూనె తగలకూడదు. ఒకే వాక్యం. దాని కింద గీత కూడా గీసి ఉంది. ఆ రోజు డైరీలో ఇలా రాశాను: "తప్పు రైఫిలుది కాదు. నూనె నాది. రిజిస్టర్లో ఇంకా రాయలేదు."

రిజిస్టర్లో "కారణం తెలియలేదు" అని రాస్తే అబద్ధమని పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. మామ చిత్తూరులోనే ఉంటాడు. అత్త గోడకు ఆనుకుని ఆసుపత్రికి దగ్గరగా నిద్రపోతుంది. కానీ నిజం రాయకపోతే దళం మొత్తం, ఏ గొడవకు పోయినా, ఇంకా పాతదాని బోల్టే లాగుతూ ఉంటుంది. ఇదంతా అప్పుడు ఇంత వరుసగా ఆలోచించానని చెప్పను. ఆకలి వేయలేదన్నది మాత్రం డైరీలో ఉంది.

మర్నాడు పొద్దున మామ గేటు బందుకు నూనె వేస్తుంటే వెళ్ళి నిలబడ్డాను.

"మామా, నిన్న తుపాకులు ఆగింది వాటి తప్పు కాదు. పిస్టన్లకి నూనె పెట్టకూడదంట. నేను పూసినాను."

"ఎవురు చెప్పినారు పెట్టకూడదని?"

"పుస్తకంలో ఉండాది."

"నిన్ను పూయమనింది ఎవురు?"

"ఎవురూ అన్లేదు. ఏ ఇనుముకైనా నూనె పెట్టాలని నువ్వు చెప్పింటివి గదా."

మామ చేతిలో డబ్బా వంగింది. దాని ముక్కులోంచి చుక్కలు గడప మీద పడుతున్నాయి. "రిజిస్టర్లో రాసేసినావా?" అన్నాడు.

"లేదు. నీకు చెప్పి రాద్దామని."

"నీ డైరీలో?"

"రాసినాను."

అరుగు మీద కషాయం తాగుతున్న అత్త గ్లాసు దించింది. "డైరీలో పడిపోయినాక ఇంకేముండాది దాసేదానికి. ఈ అబ్బోడు నేను కూరలో ఉప్పు మరిసిన రోజు గూడా రాసుకోనుండాడు" అంది. ఆమెకు ఊపిరి సరిగ్గా ఆడడంలేదు, అయినా నవ్వింది. మామ ఆమెవైపు చూశాడు. ఆ చూపులో ఉన్నది పలమనేరు అని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. "నన్ను సూడబాక. నాకు బుద్ధి తెలిసిన కాడి నుంచి ఆయాసం నాతోనే ఉండాది, యాడికి పోయినా వస్తాది" అంది అత్త.

మామ గడప మీది నూనెను కాలితో తుడిచాడు. "పో, పోయి ఆర్.ఐ. గారికి చెప్పు. నీ పేరు రాయి. నేను నేర్పినానని గూడా రాయి. పనోడివని నేనే గదా అన్నింది" అన్నాడు.

ఆర్.ఐ. గారు నన్ను తిట్టారు, ఒక వారం అదనపు డ్యూటీ వేశారు, రైఫిళ్ళను మళ్ళీ కాల్పించారు. ఈసారి పిస్టన్లు ఎండబెట్టిన ఎముకల్లా పొడిగా ఉన్నాయి. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా కాలిస్తే ఒక్కటి కూడా ఆగలేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఆ రెండింటినీ ఇప్పుడు తూచమంటే తడుముకోకుండా చెప్పగలను. పాతది గురికి గొప్పది, బురదకు భయపడదు, విరిగినా రోకలిలా పనికొస్తుంది. కొత్తది బరువే కానీ భుజాన్ని తక్కువ కొడుతుంది, తూటా ఇరుక్కోదు, కన్ను గురి మీంచి తీయనక్కర్లేదు. మామ అన్న ఆ రెండు క్షణాల సంగతి కూడా అబద్ధం కాదు. కానీ ఆ ఆలోచన మనిషి వేలికి నేర్పాలి, బోల్టుకు వదిలెయ్యకూడదు. తర్వాత సన్నగుండు వచ్చినప్పుడు ఇదే గొడవ, ఇప్పుడు హేమ వాళ్ళకు లావుగుండు వచ్చినప్పుడు మళ్ళీ ఇదే గొడవ. చేతికి అలవాటైనదే మంచిదని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. అప్పటికీ ఇప్పటికీ నాకు కనిపించే తేడా ఒక్కటే. కొత్త వస్తువు ఏం అడుగుతుందో ఇప్పుడు మొదటిరోజే, అర్థమయ్యే భాషలో, మూడుసార్లు చెబుతున్నారు. మాకు అది పెట్టె అడుగున ఉండేది. ఈ విషయంలో ఇప్పటి కాలమే మేలని నిస్సందేహంగా అంటాను.

ఇక మామ పరీక్ష. మొదటిసారి కొత్తది పట్టుకుని పడుకున్నాడు, పేల్చాడు. పేల్చగానే ఆయన కుడిచెయ్యి పిడి వదిలి పైకి లేచి, బోల్టు ఉండాల్సిన చోట గాలిని పట్టుకుంది. అక్కడ ఏమీ లేదు. మళ్ళీ పేల్చాడు, మళ్ళీ లేచింది. ముప్పై ఏళ్ళుగా బోల్టు లాగిన చెయ్యి అది. వెనక కుర్రాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. ప్రతిసారీ గురి చెదిరి, టైము అయిపోయేసరికి ఇంకా ఏడు తూటాలు మిగిలాయి. ఆర్.ఐ. గారు పదిహేను రోజులు గడువిచ్చారు.

రైఫిలు ఇంటికి తేకూడదు కాబట్టి మామ రోకలి పట్టుకున్నాడు. రోజూ పొద్దున అరుగు మీద చాప వేసుకుని, పొట్టమీద పడుకుని, రోకలి భుజానికి ఆనించి, ఎదురింటి గోడమీది సున్నం చుక్కకు గురిపెట్టేవాడు. అత్త వెనక కూర్చుని గరిటెతో పళ్ళెం మీద కొట్టేది. అది గుండు. ప్రతి గుండుకూ ఆయన చెయ్యి లేచేది.

"ఇదో, లేసింది."

"లేయలా."

"లేసిందయ్యా. నీ సెయ్యి నీకు తెల్దా?"

"నువ్వు కొట్టేది పెద్దగా కొడితివి, అదిరిపడింది."

దారినపోతూ ఖాదర్, "అన్నా, ఎదురింటోళ్ళు ఏం తప్పు చేసినారు?" అనేవాడు. వారమైనా పదికి ఆరుసార్లు లేస్తూనే ఉంది. అప్పుడు అత్త ఒక చింతగింజ తెచ్చి ఆయన అరచేతికీ రోకలికీ మధ్య పెట్టింది. చెయ్యి విప్పితే గింజ కింద పడుతుంది. పడితే ఆ పూట కాఫీ లేదు. మామకు కాఫీ అంటే ప్రాణం. నాలుగు రోజులు కాఫీ లేకుండా గడిపాడు. అయిదోరోజు గింజ చేతిలోనే ఉంది. అప్పుడు కూడా అత్త తొందరపడి లేవలేదు. ఇంకో ఇరవై సార్లు పళ్ళెం మోగించి, తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

పరీక్షరోజు నేను రిజిస్టరుతో మామ వెనకే కూర్చున్నాను. నా కళ్ళు లక్ష్యం మీద లేవు, ఆయన కుడిచేతి మీద ఉన్నాయి. మొదటి గుండుకు వేళ్ళు కదిలాయి, మళ్ళీ బిగుసుకున్నాయి. రెండోదానికి కదల్లేదు. పదకొండోదానికి చెయ్యి అంగుళం లేచింది. గుంపులో ఎవరో దగ్గారు. చెయ్యి దిగింది. మిగిలిన తొమ్మిదీ ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా, పాతదాంతో కాల్చినట్టే ఎడం ఇచ్చి కాల్చాడు. లక్ష్యాల వెనక మట్టికట్ట దగ్గర నుంచి జెండా ఊపి లెక్క పంపారు. కావలసినదానికంటే మూడు ఎక్కువ తగిలాయి. మామ లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, రైఫిలును నా చేతికిస్తూ, "పిస్టన్‌కి నూనె పెట్టబాక" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆర్.ఐ. గారు రిజిస్టరు తెప్పించుకుని, చివరి పేజీలో మాస్టరు అభిప్రాయం కావాలన్నారు. మామ నావైపు చూశాడు. "అతను కాదు, మీరే మీ చేత్తో రాయండి" అన్నారు ఆయన. మామ బల్లమీద వంగి, ఒక్కో అక్షరం దిద్దుతూ, చాలాసేపు రాశాడు. అంతసేపు రాసినా రెండే వాక్యాలు. పాత రైఫిలు నాకు వచ్చు. కొత్త రైఫిలు మంచిది.

ఆర్.ఐ. గారు చదివి, "అంతేనా గంగాధరం?" అన్నారు.

"అంతే సార్. రిపోర్టుకి రెండోది సాలు. మొదటిది నాకోసం రాసుకున్నా, కావాలంటే కొట్టెయ్యండి" అన్నాడు మామ.

ఆర్.ఐ. గారు పెన్ను తీసుకున్నారు. మొదటి వాక్యం మీద ఒక్క క్షణం ఆపి, ఏదీ కొట్టెయ్యకుండా కింద సంతకం చేశారు.